మంచు కరిగే కాలం

ఇంగ్లీషు వాచకంలో 'స్ప్రింగ్' అన్న మాట ఎక్కడ వచ్చినా మాష్టారు పక్కన 'వసంతం' అని అర్థం రాయిస్తారు. అర్థం సరి అయినదే. కాని పాఠం చదివిన పిల్లవాడు కిటికీలోంచి బయటికి చూస్తే అతనికి కనబడే వసంతం వేరు. ఉగాది నాటికి మన ఊళ్లలో వేపచెట్లు పూత పూసి ఉంటాయి, మామిడి చెట్లకు కాయలు వేలాడుతూ ఉంటాయి, కోకిల కూస్తూ ఉంటుంది. అంతవరకూ బాగానే ఉన్నది. కాని మిట్టమధ్యాన్నం చెప్పులు లేకుండా వీధిలో అడుగు పెట్టలేము. వాచకంలోని పిల్లలు మాత్రం స్ప్రింగ్ రాగానే ఎండ వచ్చిందని గంతులు వేస్తారు. ఎండ వస్తే గంతులు వెయ్యటం ఏమిటి?

ఈ చిక్కు విడటానికి నిఘంటువు చాలదు. ఆ మాట వాడే మనుషులు ఎటువంటి చలిలోంచి బయటపడతారో చూడాలి. ఇంగ్లీషు మాట్లాడే చలిదేశాలు చాలానే ఉన్నాయి. వాటిలో అమెరికా సంయుక్త రాష్ట్రాలకు ఈశాన్యపు మూల, కెనడా సరిహద్దును ఆనుకుని ఉన్న వెర్మాంట్ అనే చిన్న రాష్ట్రానికి వెళదాం.

వెర్మాంట్ అన్న పేరు ఫ్రెంచి మాటల నుంచి వచ్చింది. దానికి 'పచ్చకొండ' అని అర్థం. 1791లో ఇది అమెరికాలో 14వ రాష్ట్రంగా చేరింది. 2020 జనాభా లెక్కల ప్రకారం రాష్ట్రం మొత్తం మీద ఉన్నది 6 లక్షల 43 వేల మంది. రాజధాని పేరు మాంట్‌పీలియర్. అందులో ఉండేది సుమారు 8 వేల మంది. అమెరికాలో ఇంతకంటే చిన్న రాజధాని మరొకటి లేదు. మన వైపు ఒక మోస్తరు మండల కేంద్రంలో కూడా అంతకు మించిన జనం ఉంటారు. రాష్ట్రమంతా కొండలు, అడవులు, పాలకోసం పెంచే ఆవులు, చెక్కలతో కట్టిన ఇళ్లు.

ఇక్కడ నవంబరులో మొదలైన మంచు మార్చి దాకా నేలను విడవదు. జనవరి రాత్రులలో ఉష్ణోగ్రత సున్నకు పది డిగ్రీల దిగువకు పోవటం మామూలు. చెరువులు గడ్డకట్టి, వాటి మీద మనుషులు నడుస్తారు. చలి ఒక్కటే కాదు, చీకటి కూడా ఎక్కువే. డిసెంబరు 21వ తేదీ ప్రాంతంలో హైదరాబాదులో పగలు 11 గంటలకు కొంచెం ఎక్కువ ఉంటే, వెర్మాంట్‌లోని పెద్ద ఊరు బర్లింగ్టన్‌లో 9 గంటలు కూడా ఉండదు. పిల్లలు బడికి పోయేటప్పటికి పొద్దు అప్పుడే పొడుస్తూ ఉంటుంది, బడి విడిచి ఇల్లు చేరిన కొంచెంసేపటికే కుంకుతుంది. జూన్ నెలలో దీనికి పూర్తిగా తలకిందులు. హైదరాబాదులో పగలు 13 గంటల చిల్లర ఉంటే, బర్లింగ్టన్‌లో పదిహేనున్నర గంటలు. భూమధ్యరేఖకు దూరం పోయిన కొద్దీ పగటికీ రాత్రికీ ఈ తేడా పెరుగుతుంది. బర్లింగ్టన్ నలభై నాలుగున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నది, హైదరాబాదు పదిహేడున్నర డిగ్రీలకు లోపల ఉన్నది.

కనక అక్కడి వాళ్లకు వసంతం అంటే ముందు వెలుతురు. ఒక తమాషా ఏమిటంటే, కొన్ని వందల ఏళ్ల కిందట ఇంగ్లీషులో ఈ రుతువుకు 'లెంట్' అనే పేరు ఉండేది. పొడవుకు ఇంగ్లీషులో 'లెంగ్త్' అంటారు గదా, ఆ మాటకూ దీనికీ చుట్టరికం ఉన్నది. పగళ్లు పొడవయే కాలం అన్న మాట. ఇప్పుడు లెంట్ అంటే ఈస్టరుకు ముందు క్రైస్తవులు ఉపవాసాలుండే రోజులు మాత్రమే. రుతువు పేరుగా దాని స్థానం స్ప్రింగ్ ఆక్రమించింది.

స్ప్రింగ్ అన్న మాటకు ఉన్న అర్థాలు మీకు ఇదివరకే తెలిసి ఉంటాయి. నేలలోంచి పైకి వచ్చే నీటి ఊట స్ప్రింగ్. గభాలున దూకటం స్ప్రింగ్. నొక్కి వదిలితే ఎగిరే తీగచుట్ట కూడా స్ప్రింగే. మీరు బొత్తాం నొక్కి రాసే కలంలోనే అది ఒకటి ఉన్నది. ఇవి నాలుగు వేరు వేరు మాటలనుకుని నాలుగుసార్లు బట్టీ పట్టనవసరం లేదు. అన్నిటిలోనూ ఉన్నది ఒకటే: అణిగి ఉన్నది ఒక్కసారిగా పైకి రావటం. నేలలోంచి మొలకా, కొమ్మలోంచి చిగురూ అట్లా పైకి వచ్చే కాలం గనక దానికి ఆ పేరు వచ్చింది.

ఈ రెండర్థాలనూ కలిపి అమెరికా వాళ్లు మార్చి నెలలో గడియారాన్ని జ్ఞాపకం పెట్టుకుంటారు. మార్చి రెండో ఆదివారం తెల్లవారుజామున రెండు గంటలు కాగానే గడియారాన్ని మూడుకు జరపాలి. సాయంత్రం వెలుతురు గంటసేపు ఎక్కువ దొరకటానికి ఈ ఏర్పాటు. 2007 నుంచి ఈ తేదీ అమలులో ఉన్నది. మళ్లీ నవంబరులో గంట వెనక్కి జరుపుతారు. ఎటు జరపాలో మరిచిపోకుండా, స్ప్రింగ్‌లో ముందుకు దూకు, ఫాల్‌లో వెనక్కి పడు అనుకుంటారు. ఫాల్ అంటే పడటం. అమెరికాలో ఆకులు రాలే కాలానికి కూడా అదే పేరు. ఆ సోమవారం నాడు బడిలో సగం మంది పిల్లలు ఆవలిస్తూ ఉంటారు. గడియారం మాట విన్నంత సులువుగా నిద్ర మాట వినదు.

ఆ మార్చి నెలలోనే మొదటి మంగళవారం వెర్మాంట్ ఊళ్లలో 'టౌన్ మీటింగ్' జరుగుతుంది. ఊరి జనం ఒక హాల్లోనో, బడి వ్యాయామశాలలోనో చేరి, రోడ్లకు ఎంత ఖర్చు చెయ్యాలి, కొత్త ట్రాక్టరు కొనాలా వద్దా అని తామే వాదించుకుని తేల్చుకుంటారు. మన గ్రామసభ లాటిదే. ఇప్పుడు కొన్ని ఊళ్లు చేతులెత్తటం మాని, కాగితం మీద ఓటు వెయ్యటానికి మారాయి. సభ మధ్యలో అందరూ ఇంటి నుంచి తెచ్చిన వంటకాలు బల్లల మీద పెట్టుకుని కలిసి తింటారు. పొలం పనులు మొదలు కాకముందు, మంచులో తీరిక ఉన్నప్పుడే ఈ సభ పెట్టుకోవటం పాత రైతుల ఆలోచన.

సరిగా ఇదే సమయంలో అడవిలో అసలు పని మొదలవుతుంది. వెర్మాంట్ రాష్ట్ర వృక్షం షుగర్ మేపుల్. పేరులోనే పంచదార ఉన్నది. మన దేశంలో పంచదార చెరకు నుంచి వస్తుంది, తాటి నీరా నుంచి తాటిబెల్లం వస్తుంది. తాటిచెట్టుకు గెల గీసి ముంత కడితే నీరా దిగినట్టే, మేపుల్ చెట్టు మానుకు కన్నం పెట్టి గొట్టం బిగిస్తే చుక్క చుక్కగా రసం కారుతుంది. ఈ రసాన్ని ఇంగ్లీషులో 'సాప్' అంటారు. చూడటానికి నీళ్లలాగే ఉంటుంది. నాలుక మీద వేసుకుంటే తీపి ఉన్నదా లేదా అని సందేహం కలుగుతుంది. ఎందుకంటే వంద పాళ్లలో పంచదార రెండు పాళ్లే. అందుచేత ఒక లీటరు పాకం తియ్యాలంటే సుమారు 40 లీటర్ల రసం మరగబెట్టాలి. ఆ పాకానికి పేరు 'మేపుల్ సిరప్'. అమెరికాలో మరే రాష్ట్రమూ వెర్మాంట్ అంత సిరప్ తియ్యదు. పొరుగున ఉన్న కెనడాలో క్విబెక్ రాష్ట్రం మాత్రం అంతకు ఎన్నో రెట్లు తీస్తుంది.

తెల్లవాళ్లు ఆ దేశానికి రాకముందే అక్కడి అడవులలో ఉండే అబెనాకీలు మొదలైన జాతుల వారికి ఈ విద్య తెలుసు. కొత్తగా వచ్చిన వాళ్లు వారిని చూసే నేర్చుకున్నారు.

చెట్టులో పంచదార ఎట్లా వచ్చింది? ఎండాకాలంలో ఆకులు తయారు చేసిన ఆహారాన్ని చెట్టు పిండిపదార్థంగా మానులోనూ వేళ్లలోనూ దాచుకుంటుంది. చలిలో ఆ పిండి పంచదారగా మారుతుంది. కొత్త చిగుళ్లు వెయ్యటానికి అది పెట్టుబడి. ఇక అది బయటికి కారటానికి ఒక విచిత్రమైన షరతు ఉన్నది: రాత్రి నీళ్లు గడ్డకట్టాలి, పగలు కరగాలి. ఏ ఒక్కటి లేకపోయినా పని జరగదు. మేపుల్ కొయ్యలో కొన్ని నారలలో నీటికి బదులు గాలి ఉంటుంది. రాత్రి చలికి అక్కడ మంచు పేరుకుని, గాలి అణిగి, కింది నుంచి నీరు పైకి లాగబడుతుంది. పగలు ఎండకు మంచు కరగగానే అణిగిన గాలి విచ్చుకుని రసాన్ని నెడుతుంది. చెట్టుకు కన్నం ఉంటే రసం అందులోంచి బయటికి వస్తుంది. స్ప్రింగ్ అన్న మాటకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

కన్నం పెన్సిలు దూరేంత సన్నంగా ఉంటుంది. లోతు రెండంగుళాలు మించదు. చెట్టు మాను పది పన్నెండు అంగుళాల అడ్డుకొలతకు ఎదిగితే గాని దాని జోలికి పోరు. అంత ఎదగటానికి సుమారు 40 ఏళ్లు పడుతుంది. తాత కాపాడిన చెట్టు మనుమడికి రసం ఇస్తుందన్న మాట. ప్రతి ఏడూ పాత కన్నానికి దూరంగా కొత్త కన్నం పెడతారు, పాతది క్రమంగా పూడుకుపోతుంది. ఇట్లా జాగ్రత్తగా చేస్తే చెట్టు నూరేళ్లు దాటి కూడా రసం ఇస్తుంది. పాత పద్ధతిలో బకెట్టు తగిలిస్తే ఒక కన్నానికి సీజను మొత్తం మీద 40 లీటర్ల రసం, అంటే ఒక లీటరు పాకం రావచ్చు. లీటరు సీసా వెనక ఇంత కథ ఉన్నది గనకనే అది చవకగా దొరకదు.

ఇప్పుడు బకెట్లు తగ్గాయి. చెట్టు నుంచి చెట్టుకు ప్లాస్టిక్ గొట్టాలు కట్టి, రసాన్ని కొండ కింద ఉన్న పాకశాలకు తెస్తారు. ఈ పాకశాల పేరు 'షుగర్ హౌస్'. చాలా చోట్ల రసాన్ని మరగబెట్టే ముందు ఒక యంత్రంలోంచి పంపుతారు. అది మన ఇళ్లలో మంచినీళ్లు శుద్ధి చేసే ఆర్.ఓ. యంత్రం వంటిదే. మనం నీళ్లు ఉంచుకుని మిగిలినది పారబోస్తాం. వాళ్లు నీళ్లు పారబోసి మిగిలినది ఉంచుకుంటారు. దానితో కట్టెలు కలిసివస్తాయి. తరవాత వెడల్పాటి పెనాలలో రసం తెర్లుతూ ఉంటే, షుగర్ హౌస్ కప్పు మీది కిటికీలోంచి తెల్లని ఆవిరి మేఘంలాగా లేస్తుంది. దారిన పోయేవాళ్లు ఆ ఆవిరి చూసి లోపలికి వచ్చి కూచుంటారు. అనకాపల్లి ప్రాంతంలో బెల్లం వండే చోట చేరి, వేడిబెల్లం కోసం ఎదురుచూసిన పిల్లలకు ఈ సరదా చెప్పనక్కరలేదు. నురుగు పొంగితే అణగటానికి అక్కడా ఒక చుక్క వెన్నో నూనో వేస్తారు.

అరిసెలు వండేటప్పుడు మీ అమ్మ పాకం ముదిరిందో లేదో చూడటానికి పళ్లెంలో నీళ్లు పోసి అందులో ఒక చుక్క వేసి చూస్తుంది. ఉండ కడితే సరి. వెర్మాంట్ వాళ్లు నీళ్లకు బదులు మంచు మీద వేస్తారు. మరింత ముదరనిచ్చిన పాకాన్ని శుభ్రమైన మంచు మీద తీగలు తీగలుగా పోస్తే, అది క్షణంలో జీడిపాకమై సాగుతుంది. దాన్ని పుల్లకు చుట్టుకుని తింటారు. పక్కన తప్పకుండా ఒక ఉప్పటి, పుల్లటి దోసకాయ ముక్క ఉండాలి. తీపి మొహం మొత్తగానే ఆ ముక్క కొరికి మళ్లీ తీపి మొదలు పెడతారు. ఉగాది పచ్చడి తిన్న మనకు ఇందులో వింత ఏమీ కనిపించదు.

ఈ పంట అంతా నాలుగు నుంచి ఆరు వారాలే. కొమ్మల మీద మొగ్గలు ఉబ్బగానే రసం రుచి చెడుతుంది, గొట్టాలు తీసేస్తారు. వెర్మాంట్ విశ్వవిద్యాలయం వారు 1940ల నుంచీ మేపుల్ పరిశోధన కేంద్రం ఒకటి నడుపుతున్నారు. నలభై ఏళ్ల లెక్కలు పోల్చి చూస్తే రసం కారటం సుమారు ఒక వారం ముందుగా మొదలై, అంతకంటే ఎక్కువ ముందుగా ముగుస్తున్నదని తేలింది. రాత్రి గడ్డకట్టి పగలు కరిగే రోజులు తగ్గితే పంట తగ్గుతుంది. చెరకు రైతు వర్షం కోసం ఆకాశం చూసినట్టు, ఈ రైతులు రాత్రిళ్లు చలికోసం ఉష్ణమాపకం చూస్తూ ఉంటారు.

పాకం పని ముగిసీ ముగియక ముందే బురద వస్తుంది. వాచకాలలో రుతువులు నాలుగే. వెర్మాంట్ వాళ్లు 'మడ్ సీజన్' అని అయిదోది ఒకటి ఉన్నదంటారు. మడ్ అంటే బురద. రాష్ట్రంలోని రోడ్లలో సగానికి పైగా మట్టిరోడ్లే. చలికాలంలో నేల అడుగుల లోతు గడ్డకట్టి ఉంటుంది. ఏప్రిల్ ఎండకు ముందు పైపొర కరుగుతుంది. కింది పొర ఇంకా రాయిలాగే ఉండటం చేత ఆ నీరు ఇంకటానికి దారిలేదు. చుక్క వాన లేకుండానే రోడ్డంతా అడుసు అవుతుంది. వానాకాలంలో నల్లరేగడి బాట మీద ఎడ్లబండి దిగబడటం చూసినవాళ్లు అక్కడ కార్ల అవస్థ ఊహించుకోవచ్చు. కొన్ని చోట్ల స్కూలు బస్సు పక్కారోడ్డు దాటి లోపలికి రాదు. పిల్లలే రబ్బరు బూట్లు తొడుక్కుని అక్కడి దాకా పోవాలి.

ఈ బురద మూలంగా ఇళ్లలో ఒక గది కూడా వెలిసింది. దాని పేరు 'మడ్ రూమ్'. వాకిలి పక్కన ఉండే ఈ చిన్న గదిలో బూట్లూ కోట్లూ విడిచి గాని లోపలికి అడుగు పెట్టకూడదు. మనం గడప బయట చెప్పులు విడిచి కాళ్లు కడుక్కుని వస్తాం. చలిలో బయట నీళ్లు పోసుకోలేరు గనక వాళ్లు ఆ పని గదిలో పెట్టుకున్నారు.

'స్ప్రింగ్ క్లీనింగ్' అన్న మాట కూడా ఇక్కడే అర్థమవుతుంది. అయిదు నెలలు తలుపులూ కిటికీలూ మూసి, లోపల కట్టెల పొయ్యి రగిలించుకుని కూచుంటే ఇల్లు ఎట్లా ఉంటుంది? గోడలకు మసి, మూలలకు బూడిద, దుప్పట్లకు పొగవాసన. మొదటి మంచి ఎండరోజున కిటికీలన్నీ తెరిచి, చాపలూ తివాచీలూ బయట వేసి దులుపుతారు. మనం సంక్రాంతికి ముందు బూజులు దులిపి గోడలకు సున్నం వేసినట్టే. పొయ్యి బూడిద కూరమళ్లకు పోతుంది. వచ్చే చలికాలానికి కావలసిన కట్టెలు కూడా ఇప్పుడే చీల్చి పేరుస్తారు. ఇప్పుడు పేర్చితే ఎండాకాలమంతా ఆరి, నవంబరుకు బాగా మండుతాయి.

చెరువుల మీది మంచు ఎప్పుడు పగులుతుందని పందాలు కూడా ఉన్నాయి. జోస్ పాండ్ అనే చెరువులో చలికాలం ఒక చెక్కపలక మీద సిమెంటు దిమ్మ పెట్టి, దానికి తాడు కట్టి, రెండో కొస ఒడ్డున ఉన్న విద్యుత్తు గడియారానికి తగిలిస్తారు. మంచు కరిగి దిమ్మ మునగగానే తాడు లాగి గడియారం ఆగిపోతుంది. ఆ తేదీకీ గంటకూ దగ్గిరగా ఊహించిన వాళ్లకు బహుమానం. సాధారణంగా ఇది ఏప్రిల్ నెలలో జరుగుతుంది.

ఇక అన్నిటికంటే చెప్పుకోదగ్గ పని ఒకటున్నది. అది రాత్రిపూట వానలో జరుగుతుంది.

వెర్మాంట్ అడవులలో 'వుడ్ ఫ్రాగ్' అనే కప్ప ఉన్నది. అది చలికాలం ఎండుటాకుల కింద పడుకుని నిజంగానే గడ్డకట్టుకుపోతుంది. దాని ఒంటిలోని నీరు సగానికి పైగా మంచు అవుతుంది. గుండె ఆగిపోతుంది. ఊపిరి ఉండదు. చేతిలోకి తీసుకుంటే గులకరాయిలాగా ఉంటుంది. గడ్డకట్టేటప్పుడు దాని కాలేయం రక్తంలోకి చక్కెర వదిలి, లోపలి అవయవాలు పాడుకాకుండా కాపాడుతుంది. వసంతంలో వెచ్చబడగానే మంచు కరిగి, గుండె మళ్లీ కొట్టుకుని, కప్ప లేచి గెంతుతుంది. గడ్డకట్టినది ఇట్లా మెల్లిగా కరగటాన్ని ఇంగ్లీషులో 'థా' అంటారు. దానికి సరి అయిన ఒక్క మాట మనకు లేదు; మన ఊళ్లలో దాని అవసరం రాలేదు.

అదే అడవిలో 'సాలమాండర్' కూడా ఉన్నది. చూడటానికి తొండలాగా ఉంటుంది గాని అది కప్పల బంధువు. జానెడు పొడవు, నల్లని ఒళ్లు, దాని మీద పసుపుపచ్చ చుక్కలు. మన దేశంలో ఇటువంటి జంతువు డార్జిలింగు ప్రాంతంలోనూ, ఈశాన్యపు కొండలలోనూ తప్ప కనబడదు. ఏడాదిలో ఎక్కువ భాగం ఇది నేల కింద దాగి ఉంటుంది. ఇరవై ఏళ్ల దాకా బతకగలదు. వసంతంలో మొదటి వెచ్చని వానరాత్రి ఇవన్నీ ఒకేసారి బయలుదేరి, తాము పుట్టిన గుంటకే గుడ్లు పెట్టటానికి నడుస్తాయి. మంచు కరిగిన నీటితో నిండే ఈ గుంటలు ఎండాకాలానికి ఎండిపోతాయి. అందుచేత వాటిలో చేపలుండవు, గుడ్లకు భయం లేదు. ఈ గుంటలను 'వెర్నల్ పూల్' అంటారు. వెర్నల్ అంటే వసంతకాలపు అని అర్థం.

చిక్కు ఏమిటంటే అడవికీ గుంటకూ మధ్య మనుషులు రోడ్డు వేశారు. సాలమాండరు నిదానంగా నడుస్తుంది. కారు నిదానంగా పోదు. ఒక్క రాత్రిలో వందల కొద్దీ నలిగిపోతాయి.

అందుచేత ఆ రాత్రి, దానికి 'బిగ్ నైట్' అని పేరు, పెద్దలూ పిల్లలూ మెరిసే చొక్కాలు తొడుక్కుని, టార్చిలైట్లు పట్టుకుని రోడ్డు మీదికి వస్తారు. కనబడిన ప్రాణినల్లా చేతిలో ఎత్తి రోడ్డు దాటిస్తారు. దీనికి కొన్ని నియమాలున్నాయి. చేతులు తడిగా, శుభ్రంగా ఉండాలి, సబ్బుగాని నూనెగాని అంటి ఉండకూడదు. ఆ ప్రాణుల చర్మం దేన్నయినా పీల్చుకుంటుంది. అది ఏ వైపు పోతూ ఉంటే ఆ వైపుకే దాటించాలి. వెనక్కి పెడితే పాపం మళ్లీ మొదటినుంచీ బయలుదేరుతుంది. ఎన్ని దాటాయో, ఎన్ని చచ్చాయో కాగితం మీద రాసుకోవాలి. పదేళ్ల పిల్లవాడు అర్ధరాత్రి వానలో నిలబడి ఈ లెక్క రాస్తాడు.

ఆ లెక్కలు వృథా పోలేదు. మాంక్టన్ అనే ఊళ్లో ఇట్లా లెక్కపెట్టిన వాళ్లు ఊరుకోకుండా డబ్బు పోగుచేయించి, 2015లో రోడ్డు కింద రెండు సొరంగాలు కట్టించారు. పక్కల గోడలు కట్టి, వచ్చే ప్రాణులను వాటిలోకి మళ్లించారు. తరవాత శాస్త్రజ్ఞులు చాలా ఏళ్లు పరిశీలించి చూస్తే, అక్కడ ఉభయచరాల చావులు అయిదింట నాలుగు వంతులు తగ్గాయని తేలింది. వాటితోపాటు ఇతర జంతువులు కూడా ఆ దారినే పోతున్నాయి. సొరంగాలు లేని రోడ్ల మీద మాత్రం టార్చిలైట్లే గతి.

ఆ గుంటల దగ్గిర రాత్రిళ్లు వినిపించే చప్పుడు మరొక చిన్న కప్పది. దాని పేరు 'స్ప్రింగ్ పీపర్'. అంగుళం పొడవుంటుంది. వందలు చేరి కీచుమని పాడితే అర మైలు దూరం వినిపిస్తుంది. మన ఊళ్లలో వానలు రాకపోతే కప్పలకు పెళ్లి చేస్తారు. వానాకాలం వచ్చిందని కప్పల గోలే మనకు చెబుతుంది. వెర్మాంట్ వాళ్లకు చలికాలం పోయిందని చెప్పేది ఈ పీపర్.

ఇప్పుడు మొదటి చిక్కు దగ్గిరికి వస్తే, ఇంగ్లీషులో ఆదరంగా ఆహ్వానించటాన్ని 'వార్మ్ వెల్‌కమ్' అంటారు. వార్మ్ అంటే వెచ్చన. దయలేని మనిషి వాళ్లకు 'కోల్డ్', అంటే చల్లన. తెలుగులో మనం 'నీ కడుపు చల్లగా' అని దీవిస్తాం, 'చల్లగా బతుకు' అంటాం, దయగల తల్లి చూపును చల్లని చూపు అంటాం. మాటకు మాట పెట్టి తర్జుమా చేస్తే ఈ దీవెన అక్కడ శాపమై కూచుంటుంది. ఆరు నెలలు మంచులో ఉన్నవాడికి వెచ్చదనమే వరం. ఆరు నెలలు ఎండలో ఉన్నవాడికి చల్లదనం. రెండు భాషలూ నిజమే చెబుతున్నాయి. ఇంగ్లీషు వ్యాసం రాసేటప్పుడు ఇది గుర్తుంటే చాలా తప్పులు తప్పుతాయి.

మే నెలకు కొండలు పేరుకు తగ్గట్టు పచ్చబడతాయి. మన వాళ్లు చింతచిగురు కోసినట్టు అక్కడి వాళ్లు ఏటి ఒడ్డున చుట్టచుట్టుకుని ఉండే లేత ఫెర్న్ మొలకలు కోసి, బాగా ఉడకబెట్టి తింటారు. సరిగా ఉడకకపోతే కడుపులో తిప్పుతుంది. కిటికీ గట్టు మీద చిన్న కుండీలలో మార్చి నుంచీ పెంచిన టొమాటో నారును రోజూ కాసేపు బయట పెట్టి, లోపలికి తెస్తూ ఉంటారు. దీన్ని 'హార్డెనింగ్ ఆఫ్' అంటారు. గాలికీ చలికీ నారు కొంచెం కొంచెంగా అలవాటు పడాలి. మే ఆఖరి సోమవారం దాటితే గాని దాన్ని మడిలో నాటే ధైర్యం చెయ్యరు. అప్పటి దాకా ఏ రాత్రి అయినా మంచు కురిసి నారు మాడవచ్చు. ఆ నెలలోనే నల్లని చిన్న ఈగలు లేచి చెవుల వెనకా మెడ మీదా కుడతాయి. వాచకాలు రాసేవాళ్లు ఈ ఈగల సంగతి ఎప్పుడూ ఎత్తరు.

టొమాటో నారు వేళ్లు పాదుకునేటప్పటికి జూన్ వస్తుంది. మన బళ్లు వేసవి సెలవులు ముగిసి ఆ నెల రెండో వారంలో తెరుస్తారు. వెర్మాంట్ పిల్లలకు ఇంచుమించు ఆ రోజులలోనే వేసవి సెలవులు ఇస్తారు.